ఖాళీగా వదిలిన చోట్లు: కర్నూలు డ్రాయింగ్ మాష్టారి స్టిల్ లైఫ్‌కు చేసిన చికిత్స

కర్నూలు పాతబస్తీలోని ఒక ఇంటి నుంచి ఈ బొమ్మ, పాత బొమ్మలు బాగుచేసే నా వర్క్‌షాపుకు వచ్చింది. ఎత్తు 24 అంగుళాలు, వెడల్పు 30. నూలు గుడ్డ మీద ఆయిల్ కలర్‌తో వేసిన స్టిల్ లైఫ్, అంటే కదలని వస్తువులను సర్ది చూసి వేసిన బొమ్మ. బేతంచెర్ల బండ వేసిన బల్ల, దాని మీద తెల్ల ఎనామిల్ జగ్గు, ఖాళీ సీసా, బోర్లించిన సత్తు గ్లాసు, ముందువైపు ఉల్లిగడ్డలు. కుడి అడుగున తెలుగు పొడి అక్షరాలతో సంతకం, పక్కన 1964. వేసినాయన ఈ ఊళ్లోనే హైస్కూలు డ్రాయింగ్ మాష్టారుగా చేసి రిటైరయ్యారు, ఇప్పుడు లేరు. బొమ్మ తెచ్చింది ఆయన కూతురు. ఆమె కూడా టీచరుగా చేసి రిటైరయ్యారు. కుటుంబం కోరిక మీద పేర్లు రాయడం లేదు.

ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. 2009లో కర్నూలుకు వచ్చిన వరద చేసిన నష్టం కంటే, ఆ తర్వాత ప్రేమతో చేయించిన మరమ్మతు వల్ల జరిగిన నష్టమే ఇందులో ఎక్కువ. ఆధునిక చిత్రకారుడు కావాలని వదిలిన ఖాళీని పని పూర్తికాకపోవడం అనుకుంటే ఏమవుతుందో ఈ ఒక్క కాన్వాస్ మీద స్పష్టంగా కనిపిస్తుంది. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో పాత డ్రాయింగ్ మాష్టార్ల ఇళ్లలో ఇలాంటి బొమ్మలు ఇంకా గోడల మీద, అటకల మీద ఉన్నాయి. వాటిని బాగు చేయించాలనుకునేవాళ్లు ముందు ఇది చదివితే బాగుంటుందని నా ఆశ.

వచ్చినప్పటి స్థితి

2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కర్నూలు మీదికొచ్చాయి. శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా ఇన్‌ఫ్లో వచ్చిన వరద అది. పాతబస్తీలో ఇళ్లు మునిగాయి. ఈ బొమ్మ ముందు గదిలో గోడకు ఎత్తుగా వేలాడుతుండటం వల్ల కింది మూడో వంతు మాత్రమే నీళ్లలో నానింది. నీళ్లు దిగాక ఇంట్లోవాళ్లు దాన్ని మిద్దె మీద ఎండలో ఆరబెట్టారు. ఆ పరిస్థితిలో ఎవరైనా అదే చేస్తారు. కానీ ఆయిల్ పెయింటింగ్‌కు తడి ఎంత ప్రమాదమో, తడి మీద పడే ఎండ అంతకంటే ప్రమాదం.

ఎందుకో చెప్తాను. గుడ్డ తడిస్తే నూలు పోగులు లావెక్కుతాయి. పోగు లావెక్కిన కొద్దీ నేత బిగుసుకుని గుడ్డ మొత్తంగా కుంచించుకుపోతుంది. పైనున్న రంగుపొర మాత్రం దాంతోపాటు చిన్నది కాలేదు, పట్టే చోటు లేక గుడారంలా మధ్యలో పైకి లేస్తుంది. ఈలోగా రంగును గుడ్డకు పట్టి ఉంచే జిగురు నీళ్లకు మెత్తబడి పట్టు వదిలేస్తుంది. ఆ స్థితిలో ఎండ తగిలిందంటే లేచిన పొర అట్లనే గట్టిపడి, ఎవరి వేలు తగిలినా పెచ్చుగా రాలిపోతుంది. ఉల్లిగడ్డల కింది అంచు పొడుగునా జరిగింది ఇదే. చట్రం కింది చెక్కకూ గుడ్డకూ మధ్య వరద మట్టి గడ్డకట్టి ఉంది. వెనుక నల్ల బూజు. ముందువైపు, నీళ్లు ఎక్కినంత మేరా గోధుమరంగు చారిక ఒకటి బల్ల మధ్యగా సాగింది.

వీటన్నిటి మీదా మందమైన, పసుపెక్కిన వార్నిష్. కొయ్య సామాన్లకు కొట్టే రకం. దాని కింద, బొమ్మలో ఖాళీగా ఉన్న చోట్లన్నీ ఎవరో నింపేశారు. జగ్గు వెనుక గోడ, రెండు ఉల్లిగడ్డల మధ్య జాగా, సీసా భుజం పక్కన ఒక పట్టీ, అన్నిటికీ చదునైన బూడిదరంగు. బల్ల అంచు ఈ చివర నుంచి ఆ చివరకు స్కేలు పెట్టినట్టు తిన్నగా ఉంది. ఆ తిన్నదనమే నాకు మొదట అనుమానం తెప్పించింది. జగ్గు మూతిని అంత నిదానంగా, అంత కచ్చితంగా గీసిన చెయ్యి, బల్లను ఇంత నిర్జీవంగా గీయదు.

అడిగితే ఆమె దాచకుండా చెప్పారు. “నాయన దీన్ని సగంలో వదిలేసినాడు సార్. ఎప్పుడన్నా పూర్తి చేస్తాడులే అనుకుంటా ఉంటిమి. చేయల్యా. వరద తర్వాత ఎట్లా పాడైపాయ కదా అని, బోర్డులు రాసే ఒకాయనతో మేమే పూర్తి చేయిస్తిమి.”

చిత్రకారుడు

ఆయన మద్రాసులో చదువుకున్నారు. అక్కడి ఆర్ట్ స్కూలు 1850లో మొదలైంది. 1929 నుంచి 1957 దాకా దేవీప్రసాద్ రాయ్ చౌధురి ప్రిన్సిపాల్, ఆ తర్వాత కె.సి.ఎస్. పణిక్కర్. ఈయన చదువు సరిగ్గా ఆ మార్పు మీద పడింది. చౌధురి దగ్గర కొలత, వెలుగునీడ, మోడల్‌ను చూసి గీసే క్రమశిక్షణ. పణిక్కర్ దగ్గరికొచ్చేసరికి, చూసినదాన్ని చూసినట్టు దించడంతో పని అయిపోదనే ధైర్యం. ఈ బొమ్మలో రెండూ పక్కపక్కనే ఉన్నాయి. జగ్గు మూతి, గ్లాసు అడుగు చౌధురి నాటి చెయ్యి. బల్ల, ఉల్లిగడ్డలు, వదిలిన ఖాళీలు పణిక్కర్ నాటి కన్ను.

చదువయ్యాక మద్రాసులో ఉండిపోకుండా కర్నూలు వచ్చేశారు. స్కూల్లో పిల్లలను డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకు తయారు చేస్తూ, తన బొమ్మలు సెలవుల్లో వేసుకునేవారు. ఆయన నోటుబుక్కులు రెండు కుటుంబం దగ్గర మిగిలాయి. అచ్చు బొమ్మలు చూసి పెన్సిల్‌తో వేసుకున్న నకళ్లు వాటిలో ఉన్నాయి. ఒకటి ఫ్రెంచ్ చిత్రకారుడు సెజాన్ వేసిన ‘యాపిల్స్ బుట్ట’, ఇప్పుడు చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నది. ఆ బొమ్మ తెలిసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది: బల్ల ముందరి అంచు గుడ్డ కిందికి ఎడమవైపు ఒక ఎత్తులో దూరి, కుడివైపు ఇంకో ఎత్తులో బయటికొస్తుంది. మాష్టారు తన నకలులో ఆ రెండు అంచుల దగ్గరా బాణం గుర్తులు వేసుకున్నారు. పండ్లు, బుట్ట రెండు మూడు గీతల్లో ముగించి, ఆ అంచుల తేడా మీదే పేజీ అంతా ఖర్చుపెట్టారు.

స్టిల్ లైఫ్ అంటే బడి పిల్లల అభ్యాసం అనే చిన్నచూపు మన దగ్గర ఇప్పటికీ ఉంది. అది నాకు బాధ కలిగించే విషయం. 1947లో బొంబాయిలో మొదలైన ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపులో సూజా, రజా, హుస్సేన్‌లతోపాటు ఉన్న కె.హెచ్. ఆరా మన బొల్లారంలో 1914లో పుట్టినవాడు. పేదరికంలో, ఇళ్లలో పనిచేస్తూ పెరిగి, కుండలూ పూలూ పండ్లే ప్రధానంగా వేసి, ‘టూ జగ్స్’ అనే బొమ్మకు 1952లో బాంబే ఆర్ట్ సొసైటీ బంగారు పతకం అందుకున్నాడు. రెండు జగ్గులతో అంత దూరం వెళ్లొచ్చని తెలిసిన తరం అది. కర్నూలు ఉల్లిగడ్డలను ముందుపెట్టుకుని కూర్చున్న డ్రాయింగ్ మాష్టారు కూడా ఆ తరంవాడే.

ఖాళీలు ఎవరివి

ఏది ముట్టుకోవాలన్నా ముందు తేలాల్సింది ఇదొక్కటే: కింద ఉన్న ఖాళీలు చిత్రకారుడు కోరుకున్నవా, లేక నిజంగానే మిగిలిపోయిన పనా? మిగిలిపోయిన పనే అయితే, పైన వేసిన రంగు నాకు నచ్చకపోయినా, దాన్ని తీసేయడానికి బలమైన కారణం ఉండదు.

అల్ట్రావయొలెట్ దీపం కింద మొదటి ఆధారం దొరికింది. ఒక మూల వార్నిష్ తీసి చిన్న కిటికీలా తెరిచి చూస్తే, జగ్గు తెలుపు ఆకుపచ్చ కలిసిన పసుపులో వెలిగింది. అది జింక్ వైట్ అనే తెల్ల రంగు లక్షణం. పైన నింపిన బూడిదరంగులోని తెలుపు మాత్రం ముదురు ఊదాగా, చీకటిగా ఉండిపోయింది. అది టైటానియం వైట్ అనే వేరే తెల్ల రంగు. ఒకరి తెలుపు ఎక్కడ ఆగిందో, ఇంకొకరిది ఎక్కడ మొదలైందో గీత గీసినట్టు విడిపోయింది.

రెండో ఆధారం భూతద్దం కింద. ఎడమ నుంచి రెండో ఉల్లిగడ్డకూ మూడో దానికీ మధ్య, నింపుడు రంగు కొంచెం పగిలిన చోట, అడుగున మూడు పొరలు కనబడ్డాయి. అన్నిటికంటే కింద సుద్దతో వేసిన తెల్లటి అడుగు పూత. దాని మీద పెన్సిల్ గీత. ఆ గీత మీద పల్చటి నీలం ఆయిల్ రంగుతో, సన్నటి కుంచెతో మళ్లీ దిద్దిన గీత. ఈ నీలం, పక్కనున్న ఉల్లిగడ్డ ఎరుపు అంచు మీదికి రవ్వంత ఎక్కింది. ఎక్కిన చోట రెండు రంగులూ కలవలేదు. అంటే ఎరుపు పూర్తిగా ఆరాక, ఆయన మళ్లీ కాన్వాస్ ముందుకొచ్చి, ఖాళీ పక్కనే కూర్చుని దాని అంచును దిద్దారు, లోపల మాత్రం రంగు వేయలేదు. సంతకం కూడా అలాంటి ఖాళీ మీదే ఉంది, నేరుగా అడుగు పూత మీద. సంతకం చేసి తేదీ వేసిన ఖాళీని మిగిలిపోయిన పని అనడానికి నాకు మనసొప్పలేదు.

ఇంకొకటి కుటుంబం ఆల్బమ్‌లో దొరికింది. ఏదో శుభకార్యం నాటి బ్లాక్ అండ్ వైట్ ఫొటోలో, నిలబడ్డ బంధువుల వెనుక గోడ మీద ఈ బొమ్మ ఉంది. మసకగానే అయినా బల్ల అంచు రెండు చోట్ల రెండు ఎత్తుల్లో ఉండటం తెలుస్తోంది. బోర్డులు రాసే ఆయన దాన్ని తప్పనుకుని సరిచేశాడు. తన పని శ్రద్ధగానే చేశాడు. అతని వృత్తిలో గీత తిన్నగా ఉండటం మంచి పనికి గుర్తు.

వీటన్నిటినీ ఆమెకు చూపించాను. భూతద్దంలోంచి ఆ నీలం గీత చూడమన్నాను. చాలాసేపు చూసి, “అయితే తీసేయండి సార్. నాయన ఎట్ల పెట్టినాడో అట్లనే రానీండి” అన్నారు. మొదటిరోజు ఆమె అడిగింది కొత్తదానిలా మెరవాలని. ఆ మాట వెనక్కి తీసుకున్నారు. యజమాని రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే నేను ముందుకెళ్లాను. పైరంగు తీయడం వెనక్కి తిప్పలేని పని.

చికిత్స

ముందు బూజు. బొమ్మను విడి గదిలో, తేమ తగ్గించి ఆరనిచ్చి, మాస్కు వేసుకుని, సన్నటి ఫిల్టర్ ఉన్న వాక్యూమ్‌తో మెత్తటి కుంచె సాయంతో వెనుకవైపు తీశాను. చెక్కకూ గుడ్డకూ మధ్య ఇరుక్కున్న మట్టిని పల్చటి ప్లాస్టిక్ పట్టీతో కొంచెం కొంచెంగా బయటికి లాగాను. ఆ మట్టి అట్లనే ఉంటే ప్రతి వానాకాలం గాలిలో తేమను పీల్చి గుడ్డకు అందిస్తూనే ఉంటుంది.

లేచిన పెచ్చుల మీద సన్నటి జపనీస్ టిష్యూ పరిచి, దాని గుండానే స్టర్జన్ చేప జిగురును కుంచెతో వదిలాను. గోరువెచ్చగా ఉంటే ఈ జిగురు నీళ్లలా పల్చగా పొర కిందికి పాకుతుంది, ఆరాక గట్టి పట్టునిస్తుంది. తర్వాత సిలికాన్ కాగితం మీదుగా వేడి చేసిన చిన్న గరిటెతో మెల్లగా అదిమాను. జగ్గు దగ్గర ఇది చాలా నిదానంగా సాగింది. జింక్ వైట్ ఏళ్లు గడిచేకొద్దీ నూనెతో చర్య జరిపి పెళుసుబారుతుంది. కొంచెం ఎక్కువ ఒత్తితే లేచిన పొర కూర్చోదు, విరుగుతుంది.

ఇలాంటి కాన్వాస్‌ను చూడగానే వెనుక ఇంకో గుడ్డ అంటించి గట్టిపరచాలనే ఆలోచన చాలామందికి వస్తుంది. దీన్నే లైనింగ్ అంటారు. పాత పద్ధతిలో మైనం, రెసిన్ కరిగించి ఇస్త్రీతో అంటించేవాళ్లు. 1974లో లండన్‌లోని గ్రీనిచ్‌లో లైనింగ్ పద్ధతుల మీద జరిగిన సమావేశం తర్వాత, ప్రపంచవ్యాప్తంగా బొమ్మల సంరక్షకులు అవసరం లేనిదే లైనింగ్ చేయకూడదనే వైపు మళ్లారు. ఇక్కడైతే ఇంకో ముఖ్య కారణం ఉంది. మాష్టారి అడుగు పూతలో సుద్ద ఎక్కువ, నూనె తక్కువ. అందుకే అది అంత తెల్లగా, పొడిగా ఉంది. సుద్దలోకి మైనం ఇంకితే తెలుపు పోయి తడిసిన గోడలా బూడిదరంగుకు తిరుగుతుంది, ఇక వెనక్కి రాదు. బొమ్మలో వెలుగంతా ఆ రంగు వేయని తెలుపులోనే ఉంది. కాబట్టి లైనింగ్ మాట పక్కనపెట్టి, చట్రానికి బిగించే అంచులు చిరిగినచోట మాత్రమే కొత్త గుడ్డ పట్టీలు అతికాను.

వార్నిష్ తీయడమే అన్నిటికంటే కష్టమైన పని. పరీక్షలు ఎప్పటిలాగే తక్కువ శక్తి ఉన్న ద్రావకంతో మొదలుపెట్టాను. వైట్ స్పిరిట్‌కు కదల్లేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు పైపైన మెత్తబడింది. చివరికి అసిటోన్ కొంత కలిపిన జెల్‌కు లొంగింది. జెల్ ఎందుకంటే, ద్రావకం కిందికి ఇంకకుండా పైనే నిలిచి పనిచేయాలి. మామూలుగా దూది పుల్లతో రాస్తే సుద్ద పూత దాన్ని పీల్చేసుకుంటుంది, కరిగిన వార్నిష్ కూడా దాంతోపాటే లోపలికి పోతుంది. ఖాళీల్లో అప్పటికే కొంత ఇంకిపోయింది. దాన్ని బయటికి లాగడానికి ద్రావకంలో తడిపిన సెల్యులోజ్ గుజ్జు వేసి, ఆరేకొద్దీ పైకి పీల్చుకోనిచ్చాను. ఆ చోట్లు పూర్తిగా మొదటి తెలుపుకు రాలేదు. జగ్గు వెనుక గోడ మీద లేత పసుపు ఛాయ ఒకటి మిగిలింది. దాని కోసం ఇంకా రుద్దితే పూతే పోతుంది కనుక అక్కడ ఆపేశాను.

ఉల్లిగడ్డల దగ్గర జెల్ కూడా వాడలేదు. మాష్టారు ఆ ఎరుపును ఒకే రంగుతో తేలేదు. అడుగున వెచ్చటి గోధుమరంగు, దాని మీద పల్చటి ముదురు గులాబీ పొర, పైన అక్కడక్కడా పొడి కుంచెతో లాగిన లేత ఊదా. కర్నూలు ఉల్లిగడ్డ పై పొట్టు విడిపోతున్నప్పుడు లోపలి పొర మెరిసే తీరు అచ్చం అదే. ఆ గులాబీ పొర సేంద్రియ రంగు, ద్రావకం తగిలితే దూదికి గులాబీ అంటుతోంది. అందుకని పైనున్న బూడిదరంగును మైక్రోస్కోప్ కింద, స్కాల్పెల్ (ఆపరేషన్లకు వాడే సన్నటి కత్తి) మొనతో రవ్వలు రవ్వలుగా లేపాను. అది ఎనామిల్ పెయింటు కావడం ఒకందుకు మేలైంది. గట్టిగా, పెళుసుగా ఉండి, కింది పొరను పట్టుకోకుండా పలుకులుగా విడిపోయింది.

బల్ల అంచు దగ్గర పైరంగు తీసినప్పుడు ఈ బొమ్మ నిజంగా బయటపడింది. ఎడమవైపు బండ అంచు, జగ్గు వెనక్కి పోయి, కుడివైపు దాదాపు ముప్పాతిక అంగుళం కిందికి దిగి బయటికొస్తోంది. దాంతో జగ్గు ఒకవైపు నుంచి, ఉల్లిగడ్డలు కొంచెం పైనుంచి చూసినట్టు నిలబడ్డాయి. తిన్నటి అంచు ఉన్నంత కాలం ఉల్లిగడ్డలు కిందికి జారిపోతున్నట్టు ఉండేవి, ఇప్పుడు బండ మీద బరువుగా కూర్చున్నాయి. సెజాన్ నకలు మీద వేసుకున్న ఆ బాణం గుర్తుల పాఠాన్ని ఆయన బేతంచెర్ల బండకు ఎలా అన్వయించారో అప్పుడు అర్థమైంది. యాపిల్స్ స్థానంలో ఉల్లిగడ్డలు పెట్టి ఊరుకున్న బొమ్మ కాదిది. ఉల్లిగడ్డ గుండ్రంగా ఉండి కూడా దొర్లదు, వేరు వైపు పీఠంలా కూర్చుంటుంది. ఆ కూర్చోవడాన్ని చూపించడానికే ఆయనకు అంచు విరవాల్సి వచ్చింది.

రంగు రాలిపోయిన చోట్ల సుద్ద, జిగురు కలిపిన పూరణ పెట్టి, దాని మీద మాత్రమే, ఎప్పుడైనా తేలిగ్గా తీసేయగల సంరక్షణ రంగులతో సన్నటి నిలువు గీతలుగా దిద్దాను. రోములోని కేంద్ర పునరుద్ధరణ సంస్థలో చెజారె బ్రాందీ నాయకత్వంలో రూపుదిద్దుకున్న పద్ధతి ఇది. దూరం నుంచి కలిసిపోతుంది, దగ్గరికొచ్చి చూస్తే ఏది చిత్రకారుడిదో ఏది నాదో తెలుస్తుంది. ఎడమ అడుగు మూలలో మాత్రం ఏముండేదో ఫొటోలో కూడా తెలియదు. అక్కడ బండ రంగుకు దగ్గరి మామూలు ఛాయ వేసి వదిలాను, రూపం ఏదీ ఊహించలేదు. వరద చారికను బాగా పల్చబరిచాను కానీ పూర్తిగా మాయం చేయలేదు. దాన్ని కప్పాలంటే మాష్టారి సొంత రంగు మీద నేను రంగు వేయాలి, అది నేను చేయను.

కొత్త వార్నిష్ వేయలేదు. ఆధునిక చిత్రకారుల్లో చాలామంది మెరుపు వద్దనుకున్నారు. ఫ్రెంచ్ చిత్రకారుడు పిస్సారో తన కాన్వాస్ ఒకదాని వెనుక వార్నిష్ వేయొద్దని రాసే పెట్టాడు. బ్రాక్, పికాసోల క్యూబిస్ట్ బొమ్మలు ఎన్నో తర్వాతి చేతుల్లో మైనం లైనింగు, వార్నిష్ పడి వాటి పొడి ఉపరితలం పోగొట్టుకున్నాయి. మాష్టారి బొమ్మలో జగ్గు కొంచెం మెరుస్తుంది, బండ పొడిగా ఉంటుంది, ఖాళీలు సున్నపు గోడలా ఉంటాయి. మూడింటికీ ఒకే మెరుపు కొడితే ఆ తేడా చచ్చిపోతుంది. దుమ్ము నుంచి కాపాడటానికి ముందు యాక్రిలిక్ షీటు, బొమ్మకు తగలకుండా ఎడం వదిలి బిగించాను. వెనుక గాలి, దుమ్ము నేరుగా తగలకుండా బోర్డు పెట్టాను.

ఇంట్లో ఎక్కడ పెట్టాలన్నది చికిత్సలో భాగమే. కర్నూలులో మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండకు ప్రతి ఇంట్లో కూలర్ నడుస్తుంది. పొద్దంతా ఎండిపోయిన గుడ్డకు సాయంత్రం కూలర్ తేమగాలి కొడితే వరద చేసిన పనే కొంచెం కొంచెంగా రోజూ జరుగుతుంది. వాళ్లింట్లో బొమ్మ ముందు వేలాడిన చోటు సరిగ్గా కూలర్‌కు ఎదురుగా, బయటి గోడకు. దాన్ని లోపలి గోడకు, దేవుని గూటి పొగకు దూరంగా, ఎండపొడ పడని చోటికి మార్పించాను.

పని జరిగిన ప్రతి దశలో తీసిన ఫొటోలు, వాడిన ద్రావకాలు, జిగుర్లు, రంగుల వివరాలతో ఒక ఫైలు కుటుంబానికి ఇచ్చాను. తీసేసిన పైరంగు పలుకులు కొన్ని చిన్న సీసాలో దానికి జతచేశాను, రేపు ఇంకెవరైనా నా నిర్ణయాన్ని ప్రశ్నించదలిస్తే ఆధారం చేతిలో ఉండాలి. వేసవి తర్వాత వెళ్లి చూసినప్పుడు ఉల్లిగడ్డలు, బండ నిలకడగా ఉన్నాయి. జగ్గు ఎడమ అంచున జింక్ వైట్ మాత్రం రెండు చోట్ల వెంట్రుకవాసి లేచింది. అక్కడికక్కడే జిగురు పెట్టి కూర్చోబెట్టాను. ఆ చోటును ప్రతి ఏటా వానలు మొదలయ్యే ముందు, వేసవి అయ్యాక చూసుకోవాలని ఫైల్లో రాసి, ఫొటోలో ఎర్ర గుర్తు పెట్టి ఇచ్చాను.